వేలికి పక్షం

ఆషాఢ శుద్ధ విదియ

దిగాం.

ఎక్కుడు దిగుడు పుస్తకం జతలో చిన్నవాళ్ళు రాయాలని ఆనవాయితీ. ఇంతకాలం పైడితల్లే రాసింది. ఈ రోజు నుంచి నేను రాస్తున్నాను. నా చదువు పట్టా మీద ఊరిబడిలో అయిదో తరగతి. తప్పులుంటే చదివేవాళ్ళు సర్దుకోవాలి.

మేముండే చక్రం తిరుగుతూ ఉంటుంది. నడిమధ్య ఇరుసు. అక్కడ దేనికీ బరువు లేదు. అంచు పట్టా. అక్కడ బరువుంది, అందుకే ఊళ్ళూ పొలాలూ అక్కడున్నాయి. రెంటినీ కలిపేవి ఆకులు. బండిచక్రం చూసినవాళ్ళెవరో పెట్టిన పేర్లట. నేను బండి చూడలేదు. చంద్రుణ్ణీ చూడలేదు. తిథులు మాత్రం పెద్దలు మోసుకొచ్చారు, మేం వాడుతున్నాం.

మా పని నీళ్ళరాళ్ళు పట్టడం. బయట తిరిగే మంచుగడ్డల్ని కొక్కేలతో ఇరుసు దగ్గరికి లాగి, పగలగొట్టి, ఆకుల గుండా కిందికి వదులుతాం. ఒక తాడుకి ఇద్దరు. పక్షం పైన, వారం కింద. పైకెక్కే ఇంటికే నీళ్ళ వాటా.

బరువు లేనిచోట పక్షం ఉంటే వెన్ను సాగుతుంది. పూసల మధ్య బిళ్ళలు నానిన శనగల్లా ఉబ్బుతాయి. అందుకని దిగేటప్పుడు చెక్క మీద పడుకునే దిగాలి. కిందికొచ్చాక కూడా ఒక పగలూ ఒక రాత్రీ లేవకూడదు. ఇది అందరికీ తెలుసు. పైడితల్లి కూతురు గౌరికి తెలియదు, దానికి నాలుగో ఏడు. "అమ్మా" అంటూ మమ్మల్ని కిందికి దింపిన దిగుడుగదిలోకి పరిగెత్తుకొచ్చింది. గడప తట్టుకుంది. పైడితల్లి చెక్క మీంచి సగం లేచి, పక్కకి ఒంగి, ఒంటిచేత్తో పట్టుకుంది.

పిల్ల పడలేదు.

"చిన్నాన్నా, నా కాలు" అంది పైడితల్లి. తర్వాత పళ్ళు బిగపట్టుకుంది.

తదియ

ఆసుపత్రి. పైడితల్లి తల్లి సూరమ్మ నాకు వదిన వరస. ఆమె భర్త చినప్పడూ నేనూ ఒకే తాడు మీద సగం జీవితం గడిపాం. రాయి తగిలి అతను పోయాక, ఆ తాడు కొస కూతురు తీసుకుంది.

"ఏటి మరిదీ," అంది వదిన నన్ను చూడగానే. "నడిసి ఎల్లిన పిల్లని చెక్క మీద తెచ్చీసినావు."

నేను తల దించుకుని గోడకి ఆనుకున్నాను.

"ఉలకవు పలకవు. మా ఆయనా ఇంతే. ఇద్దరు మూగోళ్ళు ఒక తాడుకి ఎలా తగిలినారో. పైన పక్షం రోజులు ఏటి మాటాడుకునేవోరో ఆ దేవుడికే తెలియాల."

"రాయి వస్తంది అనుకునేవోళ్ళం" అన్నాను.

వదిన నవ్వలేక నవ్వింది. తర్వాత కళ్ళు తుడుచుకుంది.

డాక్టర్ హైమ వచ్చి గోడ మీద బొమ్మ చూపించింది. నడుం కింద నాలుగో పూసకీ అయిదో పూసకీ మధ్య బిళ్ళ చిట్లిందట. లోపలి గుజ్జు బయటికొచ్చి కాలి నరాన్ని నొక్కుతోందట. నాకు బూరె చిట్లి పూర్ణం కారినట్టు కనిపించింది. ఎడమ పాదం పైకెత్తమంటే పైడితల్లి ఎత్తలేకపోతోంది. పాదం తడిగుడ్డలా వేలాడుతోంది. మామూలుగా అయితే పడుకోబెట్టి కొన్ని వారాలు చూసేదాన్ననీ, పాదం ఇలా ఉంటే ఆగడానికి లేదనీ డాక్టరమ్మ చెప్పింది.

"రెండు దార్లున్నాయి. ఒకటి మీ పాత కోత. వెన్ను మీద నాలుగు వేళ్ళ పొడుగు కోస్తాను. కండని ఎముక నుంచి విడదీసి, ఎముక కొంచెం గిల్లి, కళ్ళతో చూస్తూ ఆ ముక్క తీస్తాను. రెండోది గొట్టం. చిటికెనవేలి గోరంత రంధ్రం. దాంట్లోంచి సన్న గొట్టం, కొసన కెమెరా. కండ తెగదు, పక్కకి జరుగుతుంది, అంతే. మర్నాడే నడిపిస్తాను."

"ఏది మంచిది సెప్పండమ్మా, మాకేటి తెలుసు" అంది వదిన.

"ఏడాది తిరిగేసరికి రెండూ ఒకలాగే ఉంటాయమ్మా. తేడా మొదటి నెలల్లో. గొట్టంతో నొప్పి తక్కువ, రక్తం తక్కువ, పుండు చీము పట్టడం తక్కువ. కానీ గొట్టంలో చూపు ఇరుకు. ఎప్పుడైనా చిన్న ముక్క వెనకాల ఉండిపోవచ్చు. కోతలో అంతా కనిపిస్తుంది, కాని కండ పాడవుతుంది. బిళ్ళ మళ్ళీ జారడమన్నది రెంటిలోనూ ఉంది."

ఇంకో మాట కూడా అంది. "ఏ దారిన వెళ్ళినా బిళ్ళ చిరుగు అదే చిరుగు. అది మానడానికి మూడు నెలలు."

విన్నాను. రాశాను.

చవితి

మాలో తాడు మాట అని ఒకటుంది. నొప్పిలో ఉన్నవాళ్ళు దేనికైనా ఊ అంటారు, వాళ్ళని అడగకూడదని పెద్దలు పెట్టారు. కోతకైనా మందుకైనా తాడు రెండో కొసన ఉన్నవాళ్ళే చెప్పాలి. పైడితల్లికి చెప్పాల్సింది నేను.

నాకు వయసులో ఉన్నప్పుడు ఇదే బిళ్ళకి కోత అయింది. నా వీపు మీద నాలుగు వేళ్ళ గీత ఇప్పటికీ ఉంది. దానికి అటూ ఇటూ కండ ఎండిన తోలులా ఉంటుంది, పొద్దున్నే లేవాలంటే గోడ పట్టుకోవాలి. ఆ పక్షాలన్నీ బోర్లా పడుకుని నేల చూసుకుంటూ గడిపాను. ఆ నేల మీద గీతలు ఇప్పుడడిగినా గీసి చూపిస్తాను. అది పైడితల్లికి వద్దనుకున్నాను.

మంచం దగ్గరికి వెళ్ళాను.

"ఏది తొందరగా లేపుద్ది చిన్నాన్నా? గౌరి రాత్రి అన్నం తిన్లేదంట."

"గొట్టం."

"అయితే నువ్వు అదే సెప్పు."

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఒక్క మాటే కదా. అయినా అరచేతులు చెమట పట్టాయి.

పంచమి

పొద్దున తీసుకెళ్ళారు. మధ్యాహ్నం తెచ్చారు. సాయంత్రం పైడితల్లి పాదం పైకెత్తింది. మొత్తం కాదు, అరచెయ్యి దూరేంత. నేను నా అరచెయ్యి పెట్టి చూశాను.

వదిన గాయం చూపించమంది. నర్సు కట్టు ఒక పక్క విప్పి చూపించింది.

"ఇంతేనా!" అంది వదిన. "ఓలమ్మో, దీనికా నేను మూడ్రోజులు ముద్ద ముట్టకుండా కూకున్నాను? నా ముక్కుపుడక బెజ్జం ఇంతకన్నా పెద్దదే!"

గది అంతా నవ్వింది. పైడితల్లి "నవ్వించకే అమ్మా, నొప్పెడతంది" అంటూ నవ్వింది. డాక్టరమ్మ చిన్న సీసా చూపించింది. లోపలినుంచి తీసిన ముక్క. తెల్లగా, ఒలిచిన రొయ్యంత ఉంది. ఇంత చిన్నది ఇంత మనిషిని పడుకోబెట్టింది.

నేను సరైన మాటే చెప్పాననుకున్నాను. ఇంటికి వచ్చి కడుపునిండా తిన్నాను.

సప్తమి

ఈ రోజు కొలత.

దీని గురించి కొంచెం రాయాలి. నా చిన్నప్పుడు పనివాళ్ళకి సెలవు డాక్టరు చీటీ మీద ఇచ్చేవారు. ఆ డాక్టర్లు చక్రం నడిపే ఆఫీసు మనుషులు. వీపు విరిగినవాడికి కూడా పనికొస్తాడని చీటీ రాసేవారు. అలా ఎక్కి ముగ్గురు పోయారు. అప్పుడు మావాళ్ళంతా తాళ్ళు కింద పడేసి కూర్చున్నారు. పట్టా మీద పైర్లు ఎండాయి. చివరికి ఆఫీసు దిగొచ్చింది. చీటీలు వద్దు, గాయమే సాక్షి అన్నారు మావాళ్ళు. గాయం ఎన్ని వేళ్ళుంటే అన్ని పక్షాలు సెలవు. నీళ్ళ వాటా తగ్గదు. వేలికి పక్షం. ఇది మాకెవరూ దయతో ఇచ్చింది కాదు. పిల్లలకి పాటలో పెట్టి నేర్పుతాం.

జగ్గారావు మేస్త్రి వచ్చాడు. తాళ్ళవాళ్ళందరికీ పెద్ద. మంచివాడు. ఒకరి పక్షం ఇంకొకరికి కట్టబెట్టడు. అందరి ముందూ చెంబు నీళ్ళతో చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, పైడితల్లి వీపు మీద వేళ్ళు ఆనించాడు. ఒక వేలు పెట్టాడు. వేలు కింద గాయం కనిపించలేదు.

మళ్ళీ చూశాడు.

"అర వేలు" అన్నాడు.

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. "దోమ కుట్టినా అరేలేనేటి మేస్త్రీ?"

"ఉష్" అన్నాడు జగ్గారావు. "అరేలు. వారం. పైడమ్మా, అదృష్టవంతురాలివి, తొందరగా లేసిపోతావు."

మంచి మనసుతోనే అన్నాడు.

నాకు తదియ నాడు విన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. ఏ దారిన వెళ్ళినా చిరుగు అదే చిరుగు. మూడు నెలలు. పుస్తకం తీసి చూశాను. నా రాతే.

గొట్టమని చెప్పేటప్పుడు నొప్పి గురించి ఆలోచించాను. నా వీపు గురించి ఆలోచించాను. వేళ్ళ గురించి ఆలోచించలేదు. వేలికి పక్షం పాట నేను కూడా పాడినవాణ్ణే.

నవమి

తాళ్ళవాళ్ళ సభ. నాలుగు ఊళ్ళ జతలు వచ్చాయి. నేనెప్పుడూ వెనక వరసలో కూర్చుంటాను. ఈ రోజు ముందు కూర్చున్నాను. దానికే నలుగురు నావైపు చూశారు.

డాక్టర్ హైమ చీటీ రాసి ఇచ్చింది. బిళ్ళ మానేదాకా ఎక్కకూడదని, ఎక్కినా దిగేటప్పుడు ప్రమాదమని. జగ్గారావు దాన్ని చదివి మడిచాడు.

"ఈ డాక్టరమ్మ మంచిదే," అన్నాడు. "కాదనను. రేపు ఈవిడ ఎల్లి ఇంకొకడొస్తాడు. ఈ రోజు మనం చీటీ తీసుకుని మూడు నెలలు ఇచ్చేం అనుకోండి. రేపు ఆడు చీటీ రాసి నాలుగు వేళ్ళ గాయానికి మూడ్రోజులు సాలంటాడు. అప్పుడేటి సేత్తాం? చీటీ మారుద్ది. గాయం మారదు. మన తాతలు ఎందుకు పస్తులున్నారు?"

అందరూ ఔనన్నారు. నాకూ ఔననే అనిపించింది. అదే కష్టం.

"గవరయ్య మావా, నువ్వేటైనా సెప్తావా?" అన్నాడు జగ్గారావు నన్ను చూసి.

లేచాను. ఇంటి దగ్గర చాలా అనుకుని వచ్చాను. అంతమంది ముఖాలు చూసేసరికి నాలిక పీచులా అయిపోయింది.

"లోపలుంది" అన్నాను.

"ఏటి?"

"గాయం. లోపలుంది."

"లోపల్ది అందరికీ ఉంటాది మావా!" అంది వెనకనుంచి ఎవరో ఆడమనిషి. "నా మొగుడి మాటలకి నాకూ లోపల నాలుగు వేళ్ళ గాయముంది. రాయండి రెండు నెలలు!"

సభ పగలబడి నవ్వింది. కూర్చున్నాను.

చతుర్దశి

పైడితల్లి నడుస్తోంది. నిటారుగా, మామూలుగా. నా కంటే బాగా నడుస్తోంది. గాయం ఎండి నల్లటి పొక్కు అయింది. నీళ్ళ రేవు దగ్గర ఆడవాళ్ళు ఆమె జాకెట్టు పైకెత్తి చూసి ముక్కు మీద వేలేసుకుంటున్నారట.

డాక్టరమ్మ ఇంటికొచ్చి ఎక్కొద్దంది. పైడితల్లి వింది. తర్వాత నాతో చెప్పింది.

"నాకేటీ లేదు చిన్నాన్నా. నొప్పి లేదు, తిమ్మిరి లేదు. ఇలాగుండి కూకుంటే ఊరేటంటాది? అయ్య తాడు పట్టుకున్న పిల్ల దొంగ సెలవు పెట్టిందంటారు."

"నా వాటా నీళ్ళు తీసుకో."

"మరి నువ్వు?"

"నాకేం కావాలి."

"ఆడు మూగోడు, ఆడు నీళ్ళు కూడా తాగడు అనుకుంటారా?" అంది సూరమ్మ వదిన లోపల్నుంచి. ఆమె గొంతులో ఎప్పటి వేళాకోళం లేదు.

"నేను తాడు కట్టను" అన్నాను. ఆ మాట అనడానికి చాలాసేపు పట్టింది.

పైడితల్లి నన్ను చూసింది. "నువ్వు కట్టకపోతే మేస్త్రి ఇంకొకర్ని ఇస్తాడు. ఆడికి నా నడుం సంగతి తెలీదు. నువ్వయితే బరువుపని నీమీదేసుకుంటావు."

నిజం. అందుకని కట్టాను.

ఆషాఢ బహుళ సప్తమి, ఇరుసు దగ్గర

పైన ఏ బాధా లేదు. బరువే లేదు, బాధెక్కడిది. పైడితల్లి చేపపిల్లలా తిరుగుతోంది. లాగుడంతా నేనే లాగుతున్నాను. ఆమె కొక్కెం గురి చూసి విసురుతుంది, నేను తాడు చుట్టుకుని కాళ్ళు తన్నిపెట్టి లాక్కొస్తాను. పక్క జతవాళ్ళు "ముసలాడికి కుర్రతనం వచ్చింది" అంటున్నారు.

నాకు కిందికి దిగడమే భయం. ఆమె బిళ్ళ ఇప్పుడు ఉబ్బుతూ ఉంటుంది. మానని చిరుగు మీద.

"ఇక్కడే ఉండిపోతే?" అన్నాను ఈ రోజు.

"గౌరినెవరు సూస్తారు? అయినా ఎన్నాళ్ళుంటే అంత సాగుద్ది కదా నడుం." తర్వాత నవ్వింది. "నువ్వు ఈ వారంలో మాటాడినంత ఏడాదిలో మాటాడలేదు చిన్నాన్నా. నాకు భయమేస్తంది."

శ్రావణ శుద్ధ పాడ్యమి

దిగాం.

నేనే ఆమెను చెక్కకి మూడు చోట్ల గుడ్డపట్టీలతో కట్టాను. గౌరిని రానివ్వొద్దని ముందే కబురు పెట్టాను. పిల్ల రాలేదు. దిగుడుగది నెమ్మదిగా దిగింది. ఎవరూ తప్పు చేయలేదు. ఇది స్పష్టంగా రాస్తున్నాను. ఎవరూ ఏ తప్పూ చేయలేదు.

పట్టా దగ్గరపడేసరికి బరువొచ్చింది. పైడితల్లి దగ్గింది. ఒకే ఒక్క దగ్గు.

"చిన్నాన్నా" అంది. ఈసారి కాలు అనలేదు. "రెండు కాళ్ళ మధ్య ఏటీ తెలవట్లేదు. మొద్దుబారిపోయింది."

డాక్టర్ హైమ దిగుడుగది దగ్గరికే పరిగెత్తుకుంటూ వచ్చింది. ఆమె పరిగెత్తడం నేను ముందెప్పుడూ చూడలేదు. మూత్రానికి వెళ్ళాలనిపిస్తోందా అని అడిగింది. లేదంది పైడితల్లి. కింద చెక్క తడిసి ఉంది. ఆమెకి తెలియలేదు.

"ఈసారి గొట్టం కాదు," అంది డాక్టరమ్మ నాతో, నడుస్తూనే. "పెద్ద ముక్క వచ్చి నరాల కట్టనంతా నొక్కేసింది. వెడల్పుగా తెరవాలి. గంటల్లో తెరవాలి. మీ తాడు మాట కావాలి."

"కొయ్యండి" అన్నాను.

ఈసారి చెమట పట్టలేదు.

పంచమి

మూడు రోజులు పుస్తకం ముట్టుకోలేదు.

మూత్రం మీద పట్టు నిన్నటికి తిరిగొచ్చింది. అది పెద్ద అదృష్టమని డాక్టరమ్మ చెప్పింది, మేమంతా దండం పెట్టుకున్నాం. కుడి కాలు బాగుంది. ఎడమ పాదం ఎత్తమంటే పైడితల్లి ముఖమంతా ఎర్రబడేదాకా ప్రయత్నిస్తుంది. పాదం కదలదు. ఆ నరం రెండుసార్లు నలిగింది. రావచ్చు, రాకపోవచ్చు అంటోంది డాక్టరమ్మ. ఆవిడ రాకపోవచ్చు అన్నప్పుడు కిటికీవైపు చూసింది.

ఈ రోజు కొలత. జగ్గారావు వచ్చాడు. చెయ్యి కడుక్కున్నాడు. పైడితల్లి బోర్లా పడుకుని నేల చూస్తోంది. అతను వేళ్ళు ఆనించాడు. చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు. సరిగ్గా సరిపోయాయి.

"నాలుగు," అన్నాడు మెల్లిగా. "రెండు నెలలు."

"నిండిందా నాయనా నీ సెయ్యి?" అంది సూరమ్మ వదిన. "ఇప్పుడు నిండిందా?"

జగ్గారావు లేచాడు. మళ్ళీ చెయ్యి కడుక్కున్నాడు. కొలిచాక కడుక్కునే ఆనవాయితీ లేదు.

భాద్రపద బహుళ చవితి

పైడితల్లి పాదానికి కర్రపట్టీ వేశారు. పాదం వేలాడకుండా ఆపుతుంది. నడుస్తుంటే మడమ ఆనాక పాదం టప్పుమని నేలను కొడుతుంది. ఇంట్లో ఏ గదిలో ఉందో చూడకుండానే తెలుస్తుంది. గౌరి ఆ చప్పుడుతో ఆట కట్టింది. టప్పు అంటే కూర్చుంటుంది, టప్పు అంటే లేస్తుంది. పైడితల్లి కూడా ఆడుతోంది. వదిన వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

ఇరుసు దగ్గర కాళ్ళతో తన్నిపెట్టి ఆగాలి. పట్టు లేని పాదంతో కుదరదు. ఆమె కొస తాడు మా ఇంట్లో కొక్కేనికి వేలాడదీశాను. నీళ్ళ రేవు దగ్గర కొలత గిన్నె పని ఇస్తామన్నారు. అరవాటా.

నేను కొత్త జత అడగలేదు. మేస్త్రి ఇవ్వనూ లేదు.

ఆశ్వయుజ బహుళ విదియ

జగ్గారావు మా ఇంటికి వచ్చాడు. ఎప్పుడూ రాడు. గడప దగ్గరే నిలబడ్డాడు.

"మావా, లచ్చన్నకి బిళ్ళ జారింది."

లచ్చన్న అతని తాడు. ఇద్దరూ పిల్లలప్పటినుంచి జత. లచ్చన్నకి ఒంట్లో చక్కెర ఎక్కువ, పుండు పడితే ఓ పట్టాన మానదు.

"నేను తాడు మాట సెప్పాలి," అన్నాడు. "గొట్టమంటే అరేలు. ఆడు వారంలో ఎక్కాలి. కోతంటే నాలుగు వేళ్ళు, రెండు నెలలు. కానీ ఆడి చక్కెరకి ఆ కోత కుళ్ళిపోద్దని డాక్టరమ్మ భయపడతంది. లోపల కండ, ఎముక, అంతా తెరిస్తే." ఆగాడు. "ఏటి సెప్పమంటావు?"

నేను సభలో అన్న మాట అతనికి గుర్తుంది. అతని ముఖం చూస్తే తెలిసింది. నేను ఏదైనా అనడానికి అదే అదను. అనలేదు. చెప్పులేసుకున్నాను.

ఇద్దరం నడిచాం. ఆసుపత్రి మెట్ల మీద నాకు ఆ మాట వచ్చింది. ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. డాక్టర్ హైమ గదిలో నిలబడి చెప్పాను.

"లోపల గొట్టం. పైన తోలు మాత్రం నాలుగు వేళ్ళు కొయ్యండి."

ఆవిడకి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. తర్వాత లేచి నిలబడింది.

"అక్కర్లేని కోత కొయ్యమంటున్నారా? ఒట్టి తోలు మీద?"

"ఔనమ్మా. కండ జోలికెళ్ళొద్దు."

"ఆయనకి చక్కెర ఉంది. తోలు పుండు కూడా పుండే. చిన్నదైనా ప్రమాదమే. దేనికి? మీ వేళ్ళ కోసమా? ఆ నియమం మార్చుకోలేరా మీరు?"

జగ్గారావు నేల చూస్తున్నాడు. "మారుద్దండి," అన్నాడు. "ఏళ్ళు పడతాది. ఈడికి రేపటికి కావాల."

"చర్మం మీద అబద్ధం రాయమంటున్నారు నన్ను."

"చీటీ మీద నిజం రాశారమ్మా," అన్నాను. "ఎవరూ చదవలేదు."

ఆవిడ బల్లవైపు తిరిగింది. బల్ల మీద చిన్న సీసా ఉంది, పైడితల్లిది. ఇంకా పారెయ్యలేదు.

"తోలు మాత్రమే," అంది చివరికి. "పైపైన. నాలుగు వేళ్ళు. చీము పడితే ఆ పాపం మన ముగ్గురిదీ."

"ముగ్గురిదీ" అన్నాడు జగ్గారావు.

షష్ఠి

లచ్చన్న కొలత. జనం బాగా వచ్చారు. మేస్త్రి తన తాడుని తనే కొలవడం అరుదు. వేరేవాళ్ళని పిలుస్తాడనుకున్నారు. పిలవలేదు.

చెయ్యి కడుక్కున్నాడు. తుడుచుకున్నాడు. గీత పొడుగ్గా ఉంది, కుట్లు వరసగా ఉన్నాయి. లచ్చన్న అప్పటికే దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు, కొలత కోసం బోర్లా తిరిగాడు. ఎవరి సాయం లేకుండా తిరిగాడు. కోత అయినవాడు మూడో రోజుకి అలా తిరగలేడు. పాతవాళ్ళు చూశారు. దోమ అని నవ్వినవాడు కూడా అక్కడే ఉన్నాడు. వాడి భార్యకి ఈ మధ్య నడుం నొప్పి.

జగ్గారావు వేళ్ళు ఆనించాడు.

"నాలుగు" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. ఎవరూ అడగలేదు. వెనకనుంచి ఒక ముసలమ్మ "నాలుగు" అని మళ్ళీ అంది, పాటలో వంత అన్నట్టు. ఇంకొందరు అన్నారు. అలా అది నిజమైంది.

పైడితల్లి గౌరి చెయ్యి పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి అంతా చూసింది.

ఇంటికి కలిసి నడిచాం. నేను అడుగు తగ్గించాను. టప్పు, టప్పు.

"గొట్టమే కదా చిన్నాన్నా" అంది కాసేపటికి.

"ఊ."

"పైన తోలు ఎవరు కొయ్యమన్నారు?"

"నేనే."

చాలా దూరం నడిచాం. పొలాల్లో నీళ్ళు పెడుతున్నారు. మేం పట్టిన రాళ్ళ నీళ్ళో, ఇంకెవరివో.

"నాకప్పుడు..." అంది. ఆపేసింది.

"అప్పుడా మాట నాకు రాలేదమ్మా" అన్నాను.

ఆమె చేతిలోంచి గౌరి చెయ్యి విడిపించుకుని ముందుకు పరిగెత్తింది. కాలవగట్టు మీద రాయి తట్టుకుంది. పైడితల్లి చెయ్యి ముందుకొచ్చింది. నడుం ఒంగబోయి ఆగింది. ఆమే ఆపుకుంది. నిలబడి చూసింది.

పిల్ల పడింది. మోకాలు చూసుకుంది. మా ఇద్దరివైపు చూసింది. తర్వాత తనే లేచింది.